పరదేశమున వార్ధక్యము, ఏటేటి బీమా షరతు

థాయిలాండునకు ఉత్తరమున కొండల నడుమనున్న చియాంగ్‌మాయి నగరమునందును, సముద్రతీరమునందలి హువాహిన్, పట్టాయా పట్టణములయందును, ఉద్యోగవిరమణ చేసిన ఆంగ్లేయులు, జర్మనులు, స్వీడను నార్వే దేశస్థులు, అమెరికనులు వేలకొలదిగ కాపురముండుట, ఆ దేశమునకు విహారయాత్రకు పోయివచ్చిన మనవారు కన్నులార చూచినదే. తమ దేశములందు ఎముకలు కొరుకు చలి ఇంచుమించు అర్ధసంవత్సరము పీడించుచుండగా ఇచ్చట నిత్యము వెచ్చదనము. అచ్చట రెండు గదుల ఇంటికి చెల్లించు అద్దెతో ఇచ్చట పెరడును పూలమొక్కలును గల ఇల్లు. వంటకును ఇల్లూడ్చుటకును మనిషి దొరకుట సులభము. అన్నిటికంటె మిన్నగా, వయసు మీరినవారు తొలుత విచారించు విషయమైన వైద్యము, బాంకాకులోని బుమ్రుంగ్‌రాడ్ మొదలైన ప్రైవేటు ఆసుపత్రుల పుణ్యమా యని, దేశదేశముల రోగులు వెదకికొని వచ్చునంతటి పేరు గడించియున్నది. పింఛనుపై బ్రతుకు మనిషికి ఇంతకన్న కావలసిన దేమున్నది యని తోచుట సహజము.

కాని ఈ కాపురమునకు ఆధారము పాస్‌పోర్టులో వేయబడు ఒక రబ్బరు ముద్ర. వీసా యనునది గడప దాటి లోనికి వచ్చుటకు మాత్రమే అనుమతి; లోపల నివసించుటకు వేరొక అనుమతి కావలెను, అది సామాన్యముగ ఒక సంవత్సరమునకు మించి దొరకదు. ఏబది యేండ్లు నిండిన విదేశీయుడు ఏటేటా ఇమ్మిగ్రేషను ఆఫీసునకు పోయి, టీఎం-7 అను ఫారము నింపి, 1,900 బాట్‌ల రుసుము చెల్లించి, తన నివాసమును పొడిగింపుమని కోరుకొనవలెను. (బాట్ ఒక్కటికి మన రూపాయలు రెండున్నరకు పైమాటే.) ఇదిగాక తొంబది దినముల కొకసారి తన చిరునామాను అధికారులకు తెలుపుకొనవలెను, నడుమ స్వదేశమునకు పోయి రావలసివచ్చినచో తిరిగివచ్చుటకై ముందుగా రీ-ఎంట్రీ పర్మిట్ తీసికొనవలెను. ఇరువది యేండ్లు అచ్చట బ్రతికి, ఆ భాషలో బేరమాడ నేర్చి, వీధిలోనివారందరితో బంధుత్వము కలుపుకొన్నవాడు సైతము ఈ ఏడాది గడువు ముగియునప్పటికి కొత్తగ వచ్చినవానివలెనే వరుసలో నిలువవలసినదే.

పొడిగింపునకు ధనవిషయమైన షరతు చిరకాలముగ నున్నది. థాయి బాంకులో 8 లక్షల బాట్‌ల నిలువ యైనను, నెలకు 65 వేల బాట్‌ల ఆదాయమైనను, లేక రెండును కలిసి ఏడాదికి 8 లక్షలకు సరిపడునట్లైనను చూపవలెను. 2019లో ఈ నిలువ షరతు మరింత బిగిసినది: దరఖాస్తునకు రెండు నెలలు ముందునుండియు, పిమ్మట మూడు నెలలవరకును 8 లక్షలు కదలరాదు, మిగిలిన కాలమందు 4 లక్షలకు దిగరాదు. ఆ ఏటి ఆరంభముననే అమెరికా, బ్రిటను రాయబార కార్యాలయములు తమ పౌరుల ఆదాయమును ధ్రువీకరించు పత్రము లిచ్చుట మానివేసినందున, అనేకులకు బాంకు నిలువయే దిక్కైనది. సొమ్ము చిక్కువడినను, అది తన సొమ్మే. పోలేదు, వడ్డీ కొంచెమైనను వచ్చును. కావున ఆ షరతును సణుగుకొనుచునైనను సహించినవారే ఎక్కువ. ఆ సంవత్సరమే అక్టోబరు 31వ తేదీనుండి అమలునకు వచ్చిన రెండవ షరతు అట్టిది కాదు. ఓ-ఏ అను దీర్ఘనివాస వీసాపై వచ్చినవారు ఆసుపత్రిలో చేరి చేయించుకొను చికిత్సకు 4 లక్షల బాట్‌లకును, చేరక బయటనుండియే చూపించుకొను వైద్యమునకు 40 వేల బాట్‌లకును తక్కువ కాని ఆరోగ్య బీమా కలిగి యుండవలెనని అది శాసించినది. బాంకులో సొమ్ము ఎవ్వడైనను దాచుకొనగలడు. బీమాను మాత్రము, అమ్మువాడు ఒప్పుకొననిదే కొనలేడు. ఈ చిన్న భేదమునందే ఈ వ్యవహారపు చిక్కంతయు నిమిడి యున్నది.

ప్రభుత్వ పక్షమున న్యాయము లేకపోలేదు. ముందుగ దానిని చెప్పుట ధర్మము. థాయిలాండు 2002లో తన పౌరులందరికిని సార్వజనీన వైద్యమును ఏర్పరచినది. ఆసుపత్రికి పోయిన ప్రతిసారియు ముప్పది బాట్‌లు చెల్లించిన చాలునన్న నాటి నిబంధననుబట్టి జనులు దానిని ‘ముప్పది బాట్‌ల పథకము’ అనుట కలదు. సంపన్న దేశములే సంకోచించు పనిని ఒక మధ్యతరగతి దేశము తలకెత్తుకొని, పన్నుల సొమ్ముతో నడిపించుకొని వచ్చుచున్నది. ఆ పథకము విదేశీయులకు వర్తింపదు. అయినను నడివీధిలో మోటారుసైకిలుపైనుండి పడి నెత్తురు కారుచున్న వృద్ధుని, పక్షవాతముతో నోటమాట పడిపోయిన పరదేశిని, నీ పాలసీ ఏదియని యడిగి గుమ్మమునుండి త్రిప్పిపంపుట ప్రభుత్వ ఆసుపత్రి చేయదగిన పని కాదు, చేయనులేదు. చికిత్స జరుగును; బిల్లు మిగులును; చెల్లింపవలసినవాడు మరణించియో, స్వదేశమునకు వెడలిపోయియో, చేతిలో చిల్లిగవ్వ లేకయో యుండును. ఫుకెట్ వంటి యాత్రాస్థలములందలి ఆసుపత్రులకు ఈ రానిబాకీలు ఏటేటి బాధ. గ్రామముల ప్రజలకు దక్కవలసిన సొమ్ము ఇట్లు కరగిపోవుట చూచి, ఇచ్చటికి వచ్చి నివసింపగోరువాడు తన రోగపు ఖర్చు తానే భరించుకొనవలెనని ఆ దేశము కోరినచో తప్పు పట్టజాలము.

ఇచ్చట ఒక చిత్రమును గమనింపవలెను. ఈ ఓ-ఏ వీసాకు బీమాకు పూర్వమునుండియే ఒక వైద్యధ్రువపత్రము కావలసియున్నది. అభ్యర్థికి కుష్ఠు, క్షయ, బోదకాలు, మాదకద్రవ్య వ్యసనము, మూడవ దశ చేరిన సవాయి వ్యాధి లేవని వైద్యుడు వ్రాసి యిచ్చు పత్రమది; 1992 నాటి నియమావళిలోని పట్టిక. అంటురోగములను సరిహద్దుననే ఆపవలెనను పాతకాలపు దృష్టి దానిలో స్పష్టము. ఈనాడు డెబ్బది యేండ్ల జర్మను పింఛనుదారుని ఆసుపత్రి పాలు చేయునవి ఆ ఐదింటిలో ఒకటియు కాదు. రక్తపుపోటు, మధుమేహము, గుండెజబ్బు, కాన్సరు, తొడయెముక విరుగుట. ఈ జబ్బులు పొరుగువానికి అంటవు, పొరుగువాని ఖజానాకు మాత్రము అంటును. ఆ పత్రము కొరకు వైద్యునియొద్దకు, ఈ పాలసీ కొరకు కంపెనీయొద్దకు పోయినవాడు ఒక శతాబ్దము దూరము నడచినట్లే.

కంపెనీయొద్ద ఏమి జరుగుననునది చూతము. బీమా వ్యాపారమునకు వయస్సు ప్రథమ శత్రువు. డెబ్బది, డెబ్బదియైదు దాటినవారిని కొత్తగా చేర్చుకొను కంపెనీలు అరుదు. ముందునుండియు నున్న పాలసీనైతే కొనసాగింతురు, అదియు ఏటేటా ప్రీమియము పెంచుచు. అరువదిలో సులభముగ చెల్లించిన ప్రీమియము డెబ్బదిరెండవ యేట పింఛనులో పెద్ద భాగమును మ్రింగును. ఇక ముందునుండి ఉన్న జబ్బుల సంగతి సరేసరి. గుండెకు స్టెంటు వేయించుకొన్నవానికి పాలసీ ఇచ్చినను, గుండెకు సంబంధించినదేదియు చెల్లింపబోమని ఒక వాక్యము చేర్చి యిత్తురు. అనగా ఏ అవయవమును గూర్చి అతనికి భయమో, ఆ అవయవమొక్కటియే పాలసీకి వెలుపల. పైపెచ్చు, నియమము వచ్చిన కొత్తలో, దేశములోపల పొడిగింపు కోరువారు థాయి కంపెనీల పాలసీనే చూపవలెనన్న నిర్బంధ ముండినది. తమ దేశమున ముప్పది యేండ్లుగ ప్రీమియము కట్టుచు, పదిరెట్లు మేలైన అంతర్జాతీయ పాలసీ చేతనున్నవారు సైతము, అది చెల్లదనిపించుకొని మరియొక చిన్న పాలసీ కొనవలసివచ్చినది. 

ఇట్టి స్థితిలో విపణి ఏమి చేయునో విపణి అదియే చేసినది: ఆఫీసులో చెల్లుటకే పుట్టిన పాలసీలు వెలసినవి. వీటియందు బీమా మొత్తము నియమమున కోరినంత యుండును, ప్రీమియము తక్కువ యుండును. కాని డిడక్టిబుల్ అను పేరుతో మొదటి రెండు లక్షలో మూడు లక్షలో బాట్‌లు రోగియే భరింపవలెనని లోపల వ్రాసి యుండును. 4 లక్షల పాలసీలో మొదటి 2 లక్షలు తనవే యైనపుడు, మామూలు జ్వరమునకు, పిత్తాశయములోని రాళ్లకు, చేయి విరిగినదానికి సామాన్యముగ ఆ పాలసీవలన నొక్క బాట్ రాదు. గుండెకు శస్త్రచికిత్స జరిగి పది దినములు ఐసీయూలో నున్నచో ఆ 4 లక్షలు ప్రైవేటు ఆసుపత్రిలో ఎటుపోయినవో తెలియదు. చిన్న రోగమునకు రాదు, పెద్ద రోగమునకు చాలదు. ఏడాది కొకసారి అధికారి బల్లమీద పెట్టి ముద్ర వేయించుకొనుటకు మాత్రము భేషుగ్గా పనికివచ్చును. కొన్నవారిని నిందింపను, వారు చెల్లించునది వాస్తవముగ వైద్యమునకు కాదు, మరియొక సంవత్సరపు నివాసమునకు. వీసా రుసుమునకు మారుపేరు ప్రీమియము. అట్టివారిలో వివేకవంతులు ఆ పాలసీని మరచి, తమ వైద్యమునకై వేరుగా సొమ్ము కూడబెట్టుకొందురు. అమాయకులు దానినే నమ్ముకొని, ఆసుపత్రి కౌంటరు వద్ద తెల్లబోదురు.

కావున ఇట్టి పాలసీ చేతికి వచ్చినపుడు చదువవలసినది పైనున్న పెద్ద అంకె కాదు. ఆ మొత్తము సంవత్సరమంతటికా, జబ్బొక్కొక్కదానికా. గది అద్దెకు, ఐసీయూకు, శస్త్రవైద్యుని రుసుమునకు వేర్వేరు హద్దులు గలవా. పాలసీ తీసికొన్న ఎన్ని దినములకు పనిచేయుట ప్రారంభించును. కొన్ని జబ్బులకు ప్రత్యేకముగ వెయిటింగ్ పీరియడ్ ఎంత. ఆసుపత్రికి కంపెనీ నేరుగ చెల్లించునా, మనము చెల్లించి రసీదులతో తిరుగవలెనా అనునవి ఒక్కొక్క పంక్తిలో నణగియుండును. ప్రైవేటు ఆసుపత్రులు చేర్చుకొనుటకు ముందే అడ్వాన్సునో, కంపెనీవారి హామీ పత్రమునో అడుగుట పరిపాటి గనుక ఈ చివరి ప్రశ్న మిగిలినవాటికంటె ముఖ్యము. మరియొక సంగతి థాయిలాండునకు ప్రత్యేకముగ చెప్పవలసినది. అచ్చట ముదుసలులు సైతము చిన్న స్కూటర్లపై సంతకు, సముద్రమునకు తిరుగుచుందురు. లైసెన్సు స్వదేశపు కారుది మాత్రమే యుండును. సరియైన లైసెన్సు లేక నడుపుచు పడినచో, మద్యము సేవించి పడినచో, చెల్లింపమని పాలసీలలో సామాన్యముగ నుండును. ఆరోగ్యవంతునికి కూడ, ఏ జబ్బునకు భయపడి బీమా కొనెనో ఆ జబ్బు రాక, భయపడని స్కూటరు వలననే కాలు విరిగి, పాలసీ వ్యర్థమగుట కద్దు.

అంతలో కోవిడు వచ్చినది. దేశద్వారములు మూతపడి, తిరిగి తెరచునపుడు బీమా అను మాటకు ఎన్నడులేని గౌరవము కలిగినది. 2021 అక్టోబరునుండి కొత్తగా ఓ-ఏ వీసా కోరువారికి షరతు ఒక్కసారిగ 30 లక్షల బాట్‌లకు, అనగా లక్ష అమెరికా డాలర్లకు పెంచబడినది. 4 లక్షలు పెద్ద రోగమునకు చాలవన్న మాట ప్రభుత్వమునకును తోచియుండును. ఆ మేరకు ఇది నిజాయితీగల అంకె. కాని 4 లక్షలకే తలుపు మూసిన కంపెనీ 30 లక్షలకు తెరచునా? ఆ ఇబ్బందిని ఊహించియే ఒక వెసులుబాటు కల్పించిరి: వయస్సు చేతనో ఆరోగ్యస్థితి చేతనో కంపెనీ నిరాకరించినచో, ఆ నిరాకరణ పత్రమును చూపి, బాంకు నిలువలు మొదలైన ఆస్తులను, చిన్న పాలసీ ఏదైన నుండిన దానితో కలిపి, 30 లక్షల బాట్‌లకు సరిపోవునట్లు ఋజువు చేయవచ్చుననిరి. ఇదివరకు బీమా కంపెనీ వలన నిరాకరింపబడుట దుఃఖకారణము. అప్పటినుండి ఆ నిరాకరణమే ఒక సర్టిఫికెట్టు, దానిని అడిగి, ముద్ర వేయించి, భద్రపరచుకొనవలెను. అయితే ఆ సర్టిఫికెట్టుతోకూడ డెబ్బదియైదు లక్షలకు మించిన రూపాయలు చూపగలవాడెవడు? ధనవంతుడైన రోగికి దారి యున్నది, ఆరోగ్యవంతుడైన సామాన్యునికి దారి యున్నది. సామాన్యుడైన రోగికి లేదు. 2022లో ఆ దేశము ప్రవేశపెట్టిన పదేండ్ల వీసా యొకటి కలదు. సంపన్నులైన పింఛనుదారులకై నిర్దేశించినది. దానికి ఏడాదికి 80 వేల డాలర్ల ఆదాయము వలెను. పెట్టుబడి పెట్టువారికి అందు సగము చాలును. అచ్చట బీమా షరతు 50 వేల డాలర్లే, అది లేకున్న బాంకులో లక్ష డాలర్ల నిలువ చాలును. అనగా ధనము హెచ్చినకొలది బీమా షరతు సడలినది. దీనిని చూచి నవ్వవలెనో నిట్టూర్చవలెనో తెలియదు.

సామాన్యుడైన రోగి ఏమి చేసినాడు? చట్టము ఒకచోట మూసిన దారిని చట్టమే మరియొకచోట తెరచి యుంచిన సంగతి కనిపెట్టినాడు. బీమా షరతు స్వదేశములోని థాయి రాయబార కార్యాలయమునుండి పొందు ఓ-ఏ వీసాకు అంటిపెట్టుకొని యున్నది. నాన్ ఇమ్మిగ్రెంట్ ఓ అను వేరొక వీసాపై వచ్చి, లేక పర్యాటకునిగ వచ్చి దేశములోపలనే దానికి మార్చుకొని, పిమ్మట విశ్రాంతజీవి యను ఆధారముపై ఏటేటా పొడిగించుకొనువానికి వయస్సు అదియే, బాంకు నిలువ అదియే, ఫారము అదియే. బీమా మాత్రము అడుగుట లేదు. కనుక ఓ-ఏ వారనేకులు తమ అనుమతిని వదలుకొని, సరిహద్దు దాటి, తిరిగి ఓ వీసాతో వచ్చి, ఉన్న యింటిలోనే ఉన్నారు. ఒకే వీధిలో ఎదురెదురు ఇండ్లలో ఒకే వయస్సు, ఒకే మధుమేహము గల ఇద్దరు వృద్ధు లుండగా, ఒకనిని పాలసీ తెమ్మనుచు, రెండవవానిని ఏమియు అడుగని శాసనము ఆసుపత్రుల బాకీని ఎట్లు తీర్చును? రానిబాకీ పెట్టువాడు ఎక్కువగ బీమా లేని రెండవవాడే కదా. సదుద్దేశముతో పుట్టిన షరతు తన లక్ష్యమును విడిచి, అక్షరమును పట్టుకొనుటకు ఇంతకన్న స్పష్టమైన ఉదాహరణ నాకు కనిపింపదు.

వేరొక మార్గము లేకపోలేదు. స్పెయిను దేశము కూడ సంపాదన కోరక, తన సొమ్ముతో వచ్చి నివసించు విదేశీయులకు వీసా నిచ్చుచున్నది. మొదట కఠినమైన ప్రైవేటు బీమా కోరును, రోగి వాటా లేనిది, వెయిటింగ్ పీరియడ్ లేనిది కావలెనని పట్టుపట్టును. కాని ఒక సంవత్సరము అచ్చట నివసించిన పిమ్మట, ‘కన్వేనియో ఎస్పెషియాల్’ అను ప్రత్యేక ఒప్పందముపై ప్రభుత్వ వైద్యవ్యవస్థలోనికే చేరుటకు వీలు కల్పించినది: 65 ఏండ్ల లోపువారు నెలకు 60 యూరోలు, ఆపైవారు 157 యూరోలు చెల్లింపవలెను, ముందునుండి ఉన్న జబ్బు అడ్డము కాదు. మందుల ఖర్చు రోగిదే గాని చికిత్స కలదు. ప్రైవేటు కంపెనీ చేయలేని పనిని, అనగా వృద్ధుని, రోగిని చేర్చుకొను పనిని, వెల కట్టి ప్రభుత్వమే చేయుట ఇందలి విశేషము. ఆసుపత్రికి రానిబాకీ లేదు, వృద్ధునకు బూటకపు పాలసీ లేదు. థాయి ప్రభుత్వము ఇట్టిదానిని ఆలోచింపగూడదా యని అడుగువారితో నేను ఏకీభవింతును.

మన తెలుగువారిలో థాయిలాండునందు విశ్రాంతిజీవనము గడుపువారు బహు స్వల్పము. కాని ఈ చిక్కు వేరొక రూపమున వేలాది తెలుగు కుటుంబముల గుమ్మములోనికి వచ్చినది. బిడ్డలు టొరంటోలోనో కాల్గరీలోనో స్థిరపడియుండగా, ఇచ్చట గుంటూరులోనో కరీంనగరులోనో పింఛను తీసికొనుచున్న తలిదండ్రులు మనుమల యొద్దకు పోవుటకై కెనడా ప్రభుత్వము 2011 డిసెంబరునుండి ఇచ్చుచున్న సూపర్ వీసాకు లక్ష కెనడా డాలర్లకు తక్కువ కాని అత్యవసర వైద్యబీమా తప్పనిసరి. కనీసము ఒక సంవత్సరము చెల్లవలెను. ఆసుపత్రి చికిత్స, దురదృష్టవశమున మరణించినచో దేహమును స్వదేశమునకు చేర్చుట దానిలో నుండవలెను. ధర చెప్పిన కొటేషను చెల్లదు, సొమ్ము కట్టినట్లు ఋజువు కావలెను. 2022 జులైనుండి ఒక్కొక్కసారి అయిదేండ్లు ఉండవచ్చునని, అచ్చటనే ఉండి మరి రెండేండ్లవరకు పొడిగింపు కోరవచ్చునని సడలించిరి. చిరకాలము కెనడా కంపెనీల పాలసీనే ఒప్పుకొని, 2025 జనవరినుండి ఆ దేశపు ఆర్థిక పర్యవేక్షణ సంస్థ అనుమతి పొందిన విదేశీ కంపెనీల పాలసీలను కూడ అంగీకరించుచున్నారు. 

ఇచ్చటను కాగితమునకు, రక్షణకు నడుమ అదే అగాధము. వీసా చేతికి వచ్చుటకు కావలసినది లక్ష డాలర్ల అంకె. రోగము వచ్చినపుడు కావలసినది ‘స్టేబుల్’ అను మాట. మన పెద్దలలో షుగరు, బీపీ మాత్రలు మ్రింగనివా రెందరు? ఆ జబ్బులు పాలసీ ప్రారంభమునకు ముందు మూడు నెలలో, ఆరు నెలలో నిలకడగ నుండినగాని వాటివలన వచ్చు ఆపదకు చెల్లింపబోమని అనేక పాలసీలలో వ్రాసి యుందురు. నిలకడ యనగా జబ్బు ముదరకుండుట మాత్రమే కాదు. మాత్ర మోతాదు మారకుండుట, కొత్త మందు చేరకుండుట, కొత్త పరీక్ష వ్రాయకుండుట కూడ. పయనమునకు నెల ముందు, అమెరికా కెనడాలలో మందులు ప్రియమని, ఇచ్చటి డాక్టరు వద్దకు పోయి, “ఒకసారి అన్నియు చూచి మందులు సరిచేయుడు” అని కోరుట మన తలిదండ్రుల ఆచారము. డాక్టరు బీపీ మాత్రను నలుబదినుండి ఎనుబదికి పెంచును. ఆ క్షణమున, ఆరోగ్యము బాగుపడినదే గాని, పాలసీ దృష్టిలో ఆ మనిషి నిలకడ తప్పినవాడు. ఈ సంగతి తెలిసినవారు ఆ సరిచూపు పని పయనమునకు ఆరునెలల ముందే ముగించుకొందురు; అప్పటి చీటీలను, పరీక్షల కాగితములను వెంట నుంచుకొందురు. ఉన్న జబ్బును దాచి ప్రీమియము తగ్గించుకొనవచ్చునని ఏజెంట్లు కొందరు చెప్పు సలహా మాత్రము వినదగినది కాదు. క్లెయిము వచ్చినపుడు కంపెనీవారు మొదట తెప్పించుకొనునది పాత వైద్యపు చరిత్రనే.

అమెరికా విషయము వేరు. బీ-2 వీసాపై పోయినవారికి సాధారణముగ ఆరునెలల గడువు. ఐ-539 అను ఫారముతో పొడిగింపు కోరవచ్చును. ఇందెచ్చటను బీమా నిర్బంధము లేదు. లేదు గనుక కొనకుండ పోయెడివారు కలరు. ప్రపంచములో వైద్యము అన్నిటికంటె ప్రియమైన దేశమునకు, బీమా లేకయే పోవుటకు చట్టము అడ్డుచెప్పకపోవుట అనుగ్రహము కాదు. నిర్బంధముండిన కెనడాలో బూటకపు పాలసీ భయము, నిర్బంధములేని అమెరికాలో ఏ పాలసీయు లేని భయము. అమెరికా పాలసీలలోను వయసు పెరిగినకొలది బీమా హద్దు తగ్గును, ముందునుండి ఉన్న జబ్బు హఠాత్తుగ విజృంభించినచో మాత్రమే, అదియు పరిమితమైన మొత్తమునకే, చెల్లింతుమని యుండును. తొలి ఆరునెలలకు కొన్న పాలసీ పొడిగింపు కాలమునకు దానంతట అది సాగదు. గడువు తీరకముందే దానిని పొడిగించుకొనవలెను. గడువు తీరినాక కొత్త పాలసీ కొన్నచో, నడుమ బయటపడిన జబ్బంతయు ముందునుండి ఉన్న జబ్బై కూర్చుండును. ఇల్లంటుకొన్నాక బావి త్రవ్వుట యన్నది ఇట్టి బేరమునుగూర్చియే.

చివరకొక లౌకిక విషయము. మన దేశపు ఆరోగ్య పాలసీలలో అధికభాగము ఇచ్చట చేయు చికిత్సకే చెల్లును. 70 ఏండ్లు నిండినవారికి 2024 చివరనుండి లభించుచున్న ఆయుష్మాన్ భారత్ వారి 5 లక్షల రక్షణ కూడ అట్టిదే. అందువలన రెండు మూడేండ్లు పిల్లలయొద్ద ఉండబోవువారు, వాడుకలేని ప్రీమియము దండుగయని ఇచ్చటి పాలసీని వదలివేయుదురు. ఇది గొప్ప పొరపాటు. 2024 ఏప్రిలునుండి మన బీమా నియంత్రణ సంస్థ చేసిన మార్పుల వలన 65 ఏండ్లు దాటినవారికి కొత్త పాలసీ నిరాకరించుటకు వీలిచ్చిన వయోపరిమితి తొలగినది నిజమే. ముందునుండి ఉన్న జబ్బులకు వెయిటింగ్ పీరియడ్ మూడేండ్లకు మించరాదని, అయిదేండ్లు ఎడతెగక సాగిన పాలసీపై, మోసము ఋజువైననే తప్ప, జబ్బు దాచితివని క్లెయిము త్రోసిపుచ్చరాదని కూడ నిర్ణయించిరి. అయితే ఆ మూడేండ్లును ఆ అయిదేండ్లును ఎడతెగని పాలసీకే లెక్క. మధ్యలో తెంపినవాడు తిరిగివచ్చిన దినమునుండి మరల మొదటినుండి లెక్కపెట్టుకొనవలెను. అప్పటికి అతని వయస్సు రెండు మూడేండ్లు పెరిగియుండును, ప్రీమియమును పెరిగియుండును. వార్షిక ప్రీమియమునకు గడువు దాటిన తరువాత ముప్పది దినముల వ్యవధి కలదు గాని, విదేశమున ఫోను నంబరు మారి, బాంకు సందేశములు అందక, ఆ ముప్పది దినములు తెలియకయే గడచిపోవుట తరచు జరుగుచున్నది. పయనమునకు ముందు ఆ ప్రీమియమును బాంకునుండి నేరుగ పోవునట్లు ఏర్పాటు చేసి, రసీదు వచ్చు ఈమెయిలును కొడుకుదో కూతురుదో ఇచ్చి పోవుట మేలు.